డింగోల్ఫింగ్ : విత్తుయంత్రమునుండి మోటారు కారు వరకు

జర్మనీ దేశమని విన్నంతనే మన విద్యార్థుల మనస్సులకు బెర్లిను, హాంబర్గు, మ్యూనిక్ మున్నగు మహానగరములు స్ఫురించును. కాని ఇంటిని చూచి ఇల్లాలి నెంచుమన్నట్లు, ఒక దేశము యొక్క నిజమైన నడవడిని ఎరుగగోరువారు దాని చిన్న పట్టణములను చూడవలెను. మహానగరములు లోకమంతటను ఇంచుమించుగా ఒక్క తీరుననే యుండును. చిన్న పట్టణములు మాత్రము ఏ దేశమున కా దేశముగా నుండును. కావున ఈ సంచికయందు మేము బవేరియా రాష్ట్రములోని డింగోల్ఫింగ్ అను ఒక చిన్న జిల్లా పట్టణమును మా పాఠకులకు పరిచయము చేయదలచితిమి.

ఈ పట్టణమునే ఎన్నుకొనుటకు కారణము లేకపోలేదు. మన పల్లెలలో ఏ తండ్రిని కదిపినను ఒక్కటే మాట వినబడును: “చదువు ముగిసిన పిమ్మట పిల్లవాడు ఇక్కడ నుండి యేమి చేయును? బస్తీకి పోవలసినదే గదా!” పల్లె విడిచిననే గాని బ్రతుకు లేదా? ఈ ప్రశ్న మన కొక్కరికే కలిగినది కాదు. నూరేండ్ల క్రిందట డింగోల్ఫింగ్ పరిసరముల రైతులకును కలిగినది. దానికి వారికి దొరకిన ప్రత్యుత్తరమేమి, ఆ ప్రత్యుత్తరమునందలి గుణమేమి, లోపమేమి యనునది ఈ వ్యాసమున విచారింతము.

ఉనికి

జర్మనీకి దక్షిణమున బవేరియా రాష్ట్రము కలదు. దాని ముఖ్యనగరము మ్యూనిక్. ఆల్ప్సు పర్వతములలో పుట్టిన ఈసార్ నది మ్యూనిక్ మీదుగా ఈశాన్యముగా ప్రవహించి, లాండ్స్‌హూట్, డింగోల్ఫింగ్, లాండావ్ పట్టణములను దాటి, డెగ్గెన్‌డోర్ఫ్ వద్ద డాన్యూబు మహానదిలో కలియును. మ్యూనిక్ నుండి డింగోల్ఫింగ్ రమారమి 60 మైళ్లు, అనగా నూరు కిలోమీటర్ల దూరమున నున్నది. నది కిరుప్రక్కల పల్లపు నేలలు; ఆ పైన మెల్లగా లేచిన మెట్టలు. గోధుమ, మొక్కజొన్న, బంగాళాదుంప, చక్కెర దుంప ఇచ్చటి పంటలు. ఊరగాయ వేయుటకు తగిన చిన్న దోసకాయలకు ఈ దిగువ బవేరియా ప్రాంతము ఐరోపా యంతటను పేరు వడసినది. కాయ కోయు కాలమున ట్రాక్టరునకు రెక్కలవలె రెండు పొడవైన బల్లలు అమర్చి, కూలీలు వానిపై బోరగిల పరుండి, యంత్రము మెల్లగా సాగుచుండగా క్రింది తీగెలనుండి కాయలు కోయుదురు. ఆ పనికి నేడు రుమేనియా, పోలండు మున్నగు దేశములనుండి ప్రతి వేసవియందును కూలీలు వచ్చుచుందురు.

పట్టణ జనసంఖ్య సుమారు 20,000 మాత్రమే. మన దేశమున నిది ఒక పెద్ద పంచాయతీ జనసంఖ్య. అయినను డింగోల్ఫింగ్ ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. జర్మనీలో జిల్లా యనగా మన జిల్లావలె లక్షలకొలది జనము గల విశాల ప్రదేశము కాదు. డింగోల్ఫింగ్–లాండావ్ జిల్లా వైశాల్యము సుమారు 878 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య లక్షకు అటునిటు. ఇట్టి గ్రామీణ జిల్లాలు జర్మనీ యంతటను 294 కలవు. వానిలో 71 బవేరియాలోనివే. మన కలెక్టరువలె పైప్రభుత్వము నియమించిన యధికారి వారి జిల్లాకు పెద్ద కాడు. బవేరియాలో జిల్లాధ్యక్షుని ప్రజలే ఆరేండ్ల కొకసారి వోట్లు వేసి యెన్నుకొందురు. పురాధ్యక్షుని సంగతియు నింతే. పెద్ద పాఠశాలల భవనములు, జిల్లా రోడ్లు, చెత్త తొలగించుట, వాహనముల రిజిష్టరీ మున్నగునవి జిల్లా కచేరి పనులు. కావున ఊరు చిన్నదైనను దానియందు కచేరీలు, పాఠశాలలు, ఆసుపత్రి, అంగళ్లు కూడియుండును. చుట్టుపట్ల పల్లెలవారు ప్రతి పనికిని దూరనగరమునకు పరుగిడ నవసరము లేదు.

1972వ సంవత్సరమున బవేరియా ప్రభుత్వము జిల్లాలను కుదించి, డింగోల్ఫింగ్, లాండావ్ జిల్లాలు రెంటిని ఒక్కటి చేసినది. ముఖ్యపట్టణ మను గౌరవము డింగోల్ఫింగ్‌నకు దక్కినది. మొదట “దిగువ ఈసార్ జిల్లా” అని పేరిడి, మరుసటి యేట రెండు పట్టణముల పేరులను కలిపి డింగోల్ఫింగ్–లాండావ్ అని మార్చిరి. పేరునందైనను ఓడినవారికి చోటు మిగులవలెనను మర్యాద ఇందు కానవచ్చుచున్నది.

పూర్వ చరిత్ర

ఊరు క్రొత్తది కాదు. ఎనిమిదవ శతాబ్దమున బవేరియా నేలిన తస్సిలో ప్రభువు కాలమునందే ఇచ్చట మతగురువులు, దొరలు కూడిన ఒక మహాసభ జరిగినట్లు చరిత్ర చెప్పుచున్నది. 13వ శతాబ్దమున బవేరియా ప్రభువులు మెట్టమీద క్రొత్త పేట కట్టించిరి. ఆ శతాబ్దమునందే ఊరు పట్టణ హక్కులను పొందెను. నేటికిని ఎగువ పట్టణము, దిగువ పట్టణము అని ఊరికి రెండు భాగములు. ఈ ప్రాంతమున రాయి అరుదు. నది యొడ్డున బంకమట్టి విస్తారము. కావుననే ఇచ్చటి పెద్ద దేవాలయము, ప్రభువుల కోట, ఎగువ పట్టణమునకు పోవు ఎత్తైన వంతెన మున్నగునవన్నియు ఎఱ్ఱని ఇటుకతోనే కట్టబడినవి. చేతికందిన మట్టితోనే శాశ్వతమైన పని చేయుట ఆ యూరివారికి నాటినుండియు అలవాటైనట్లున్నది.

అట్లు వందలకొలది యేండ్లు అది సంతకు వచ్చు రైతుల యూరుగానే యుండెను. వారమున కొకసారి సంత, కొలిమి, మద్యపు బట్టీలు, గుఱ్ఱపు బండ్లు, దేవాలయపు గంటలు. ఇంతకు మించి ఆ యూరిని గూర్చి లోకమునకు చెప్పదగినది లేకుండెను.

ఆండ్రియాస్ గ్లాస్ – విత్తుయంత్రము

పొరుగుననే పిల్‌స్టింగ్ అను గ్రామము కలదు. అచ్చట 19వ శతాబ్దము చివరను ఆండ్రియాస్ గ్లాస్ అను పనివాడు వ్యవసాయ యంత్రములను బాగుచేయు చిన్న కర్మశాలను నడుపుచుండెను. వేసవియందు రైతుల పనిముట్లు విరిగినప్పుడు పని దండిగా నుండును. చలికాలమున మంచు కురియగా పొలములో పని లేదు, కర్మశాలలోను లేదు. ఆ తీరిక దినములను వృథాచేయక ఆయన తానే యంత్రములు చేయ మొదలిడెను. 1905లో ఒక విత్తుయంత్రమును నిర్మించెను.

మన రైతులు గొర్రునకు జడ్డిగము కట్టి, చేతితో గింజలు జారవిడుచుచు సాళ్లలో విత్తనము వేయుదురు. ఐరోపాలోని విత్తుయంత్రము చేయు పనియు నదియే. భేదమేమన, పెట్టెలోని గింజలను పండ్లచక్రములు లెక్కప్రకారము గొట్టములలోనికి జారవిడుచును. బండిచక్రము తిరిగిన కొలదియు ఆ చిన్న చక్రములు తిరుగును. కావున ఎద్దు మెల్లగా నడచినను వడిగా నడచినను సాలులో గింజల దూరము మారదు. ఇట్టి యంత్రమును చేయుటకు ఇనుమును కోయుట, కరగించి పోయుట, చక్రమునకు చక్రము సరిగా పొందించుట తెలియవలెను. వెండ్రుకవాసి తప్పినను విత్తనము ఒకచోట గుంపుగను, ఒకచోట శూన్యముగను పడును. రైతు మరుసటి దినముననే యంత్రమును తెచ్చి గుమ్మము ముందు పడవేయును. గ్లాస్ యంత్రము నిలిచెను, అమ్మకము పెరిగెను. 1906లో ఆయన డింగోల్ఫింగ్‌నకు తరలివచ్చి, 1908లో స్వంత కర్మాగారమును కట్టెను.

విద్యార్థు లిచ్చట ఒక్క విషయమును గమనింపవలెను. డింగోల్ఫింగ్‌నందు ఇనుప గనులు లేవు, బొగ్గు లేదు, ఓడరేవు లేదు. ఉన్నదెల్ల చుట్టుపట్ల రైతుల అవసరము, ఆ యవసరము నెరిగిన పనివాని చేయి. పొలములో పుట్టిన పిల్లలు ఆ కర్మాగారమున చేరి, కొలబద్ద పట్టుట, ఆకురాయి త్రిప్పుట నేర్చిరి. ఆ నేర్పే పిమ్మట ఊరికి మూలధన మయ్యెను.

గొగ్గొమొబీల్

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసెను. ఓడిన జర్మనీ శిథిలమై యుండెను. తూర్పుననుండి వెడలగొట్టబడిన జర్మనులు బవేరియాకు సుమారు 19 లక్షలమంది వచ్చి చేరిరి. తల దాచుకొనుటకు ఇల్లు, పొట్టకు పని కావలసియుండెను. అప్పుడు కర్మాగారమునకు పెద్ద హాన్స్ గ్లాస్. విత్తుయంత్రముల అమ్మకము సాలుకు ఒకటి రెండు ఋతువులకే పరిమితము. తక్కిన నెలలలో పనివారి నేమి చేయవలెను? ఇటలీలో వెరోనా నగరమున జరిగిన వ్యవసాయ ప్రదర్శనమునకు పోయినప్పుడు అచ్చటి స్కూటర్లను చూచి, తామును అట్టివి చేయవచ్చునని గ్లాస్ వారికి తోచినదని చెప్పుదురు. 1951లో స్కూటరు వెలువడెను. ఇంటిలో మనుమని ముద్దుపేరగు “గొగ్గొ” అనుదానినే దానికి పెట్టిరి.

స్కూటరుపై పోవువాడు వానలో తడియును. భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోజాలడు. కావున 1955లో అదే కర్మాగారము “గొగ్గొమొబీల్” అను చిన్న కారును చేయనారంభించెను. కారు పొడవు మూడు మీటర్లకు కొంచెము తక్కువ. వెనుకభాగమున 250 ఘనసెంటీమీటర్ల చిన్న ఇంజను. వెల రమారమి 3,000 మార్కులు. ఆ కాలపు జర్మను చట్టము ప్రకారము చిన్న మోటారు సైకిలు లైసెన్సు గలవాడు మరియొక పరీక్ష లేకయే దానిని నడుపవచ్చును. ఇంకేమి? గుమాస్తాలు, బడిపంతుళ్లు, చిన్నరైతులు దానిని కొనిరి. 1969 వరకు అట్టి కార్లు అన్ని రకములును కలిపి రెండు లక్షల ఎనుబదివేలకు దగ్గరగా తయారయ్యెను. విత్తనపు గింజలను లెక్కించిన చేతులే ఇప్పుడు కార్లను కూర్చుచుండెను.

గ్లాస్ వారి పనివారు కేవలము అనుకరణతో తృప్తి చెందలేదు. ఇంజనులో కవాటములను తెరచి మూయు కడ్డీని త్రిప్పుటకు అంతవరకు ఇనుప గొలుసులను గాని పండ్లచక్రములను గాని వాడుచుండిరి. 1962లో గ్లాస్ వారు పండ్లుగల రబ్బరు పట్టాను వాడి, సామాన్యముగా అమ్మకమునకు వచ్చు కార్లలో దానిని మొట్టమొదట ప్రవేశపెట్టిరి. పిమ్మట లోకమందలి కోట్లకొలది కార్లలో ఆ పద్ధతి వ్యాపించెను. పుట్టినది మాత్రము ఈ రైతుల యూరిలో.

పతనము

అయినను ఇచ్చటనే ఒక దుఃఖకరమైన ఘట్టమును చెప్పవలసియున్నది. దేశము కోలుకొనెను, జనుల చేత డబ్బు చేరెను. చిన్న కారుతో తృప్తిపడినవారు పెద్ద కారు కోరిరి. గ్లాస్ వారును పెద్ద కార్లను, వానికంటె పెద్దవానిని, తుదకు ఎనిమిది సిలిండర్ల కారును సైతము చేసిరి. వాని అందమును అందరును మెచ్చిరి. కొన్నవారు మాత్రము తక్కువ. ఒక్కొక్క క్రొత్త రకమునకు క్రొత్త అచ్చులు, క్రొత్త యంత్రములు కావలెను. ఆ వ్యయమును తట్టుకొనుటకు లక్షలకొలది కార్లు అమ్ముడుపోవలెను. చిన్న కుటుంబ సంస్థకు అది సాధ్యము కాలేదు. అప్పులు పెరిగెను. రాష్ట్ర ప్రభుత్వము హామీ నిలిచినను నావ ఒడ్డు చేరలేదు. 1966 చివరను మ్యూనిక్ నగరపు బి.ఎం.డబ్ల్యు. సంస్థతో ఒడంబడిక కుదిరి, గ్లాస్ కర్మాగారము వారి పరమయ్యెను. 1969 జూనులో కడపటి గొగ్గొమొబీల్ వెలువడెను. ఆ సంవత్సరము ముగియకమునుపే హాన్స్ గ్లాస్ మరణించెను.

ఆ దినములలో ఊరివారి యిండ్లలో ఎట్టి ఆందోళన యుండెనో ఊహింపవచ్చును. ఒక్క కర్మాగారమును నమ్ముకొనిన వేలకొలది కుటుంబముల కాలిక్రింది నేల కదలెను.

పునరుత్థానము

బి.ఎం.డబ్ల్యు. వారు ఈ కర్మాగారమును ఏల కొనిరి? దాని కార్లకొరకు కాదు. ఆ కార్లను త్వరలోనే నిలిపివేసిరి. వారి మ్యూనిక్ కర్మాగారము చుట్టును నగరము పెరిగిపోయి, విస్తరించుటకు జాగా లేకుండెను. అచ్చట పనివారు దొరకుటయు దుర్లభ మయ్యెను. డింగోల్ఫింగ్‌లో విశాలమైన నేల యుండెను. అంతకంటె ముఖ్యముగా, ఇనుముతో పనిచేయ నేర్చిన వేలకొలది చేతులుండెను. అనగా 1905లో ఆండ్రియాస్ గ్లాస్ నాటిన విత్తనమే 1966లో ఊరిని కాపాడెనని చెప్పవచ్చును. సంస్థ చచ్చినను నేర్పు చావలేదు.

ఊరి వెలుపల క్రొత్త కర్మాగారమును కట్టి, 1973లో తెరచిరి. అదే యేట చమురు కరవు వచ్చి, కార్ల కొనుగోలు లోకమంతటను తగ్గెను. ఇంత పెద్ద కర్మాగారము ఊరకుండునేమో యని పలువురు శంకించిరి. కాని సంస్థ ఓర్చుకొనెను. నేడు ఐరోపాలో బి.ఎం.డబ్ల్యు. కర్మాగారములలో నెల్ల ఇదియే పెద్దది. పనివారు 17,000కు పైగా నున్నారు; అనగా పట్టణ జనసంఖ్యకు ఇంచుమించుగా సమానము! సంవత్సరమునకు మూడు లక్షలకు అటునిటుగా కార్లు వెలువడుచున్నవి. 1973 నుండి చేసిన కార్లు కోటికి మించినవి.

పల్లె ఖాళీ కాలేదు

పదునేడువేలమంది పనివారిలో అధికులు పట్టణవాసులు కారు. మరి వారెక్కడివారు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమే మా వ్యాసమునకు ప్రాణము.

డింగోల్ఫింగ్‌నకు తూర్పున, చెక్ దేశపు సరిహద్దు వెంబడి, బవేరియా అడవి యను కొండప్రదేశము కలదు. అచ్చట నేల రాతినేల, చలి యధికము, కమతములు చిన్నవి. పూర్వము ఆ పల్లెల మగవారు సోమవారము తెల్లవారుజామున మ్యూనిక్‌నకు పోయి, కట్టడపు పనులలో వారమంతయు చెమటోడ్చి, శుక్రవారము రాత్రికి ఇల్లు చేరుచుండిరి. బిడ్డలు తండ్రిని వారమున రెండు దినములు మాత్రము చూచుచుండిరి. క్రొత్త కర్మాగారము వచ్చిన పిమ్మట సంస్థవారు పల్లెపల్లెకును బస్సులు నడిపిరి. నేటికిని అవి నడుచుచున్నవి. వేకువజామున బస్సు గ్రామపు దేవాలయము ముందర ఆగును. పనివారు ఎక్కి నిద్రపోవుదురు. పని ముగిసిన వెనుక అదే బస్సు ఇల్లు చేర్చును. కార్మికుడు ప్రతిదినమును తన యింటనే భోజనము చేయును. పెక్కుమంది నాలుగు ఆవులను, కొలది ఎకరములను విడువక, పని తీరిన వేళ సేద్యమును చేసికొనుచుండిరి. పల్లెలోని బడి మూతపడలేదు. దేవాలయమున పాటకులు కరవు కాలేదు. అగ్నిమాపక స్వచ్ఛంద దళమునకు యువకులు దొరకిరి.

కర్మాగారము పల్లెకు రాజాలదు. పల్లె కర్మాగారమునకు తరలిరాకూడదు. నడుమ బస్సు నడచిన చాలును. ఇది చూచుటకు చిన్న సంగతి. కాని ఒక ప్రాంతపు బ్రతుకునే మార్చినది.

పనివారిలో అందరును ఆ ప్రాంతమువారే యని తలపరాదు. 1955లో ఇటలీతోను, 1961లో టర్కీతోను, 1968లో యుగోస్లావియాతోను జర్మనీ చేసికొనిన ఒడంబడికల మూలమున వచ్చిన పరదేశ కార్మికులు దేశమందలి కర్మాగారము లన్నిటను పనిచేసిరి. కొలది యేండ్లకు వచ్చి పోవుదురని తలచినవారు పెండ్లాడి, పిల్లలను గని, అచ్చటనే నిలిచిపోయిరి. నేడు వారి మనుమలు జర్మను పాఠశాలలలో చదువుచున్నారు.

పని నేర్పు విధానము

ఈ పట్టణపు బలమునకు మరియొక మూలము అచ్చటి విద్యావిధానము. పదునైదు, పదునారేండ్ల బాలుడు బడి ముగించి, ఒక కర్మాగారముతోనో, కొలిమితోనో, రొట్టెల దుకాణముతోనో కరారు వ్రాసికొనును. మూడు లేక మూడున్నర సంవత్సరములు వారమున కొన్ని దినములు పనిలోను, తక్కిన దినములు వృత్తిపాఠశాలలోను గడుపును. ఆ కాలమంతయు నెలనెలకు కొంత జీతమును ముట్టును. తుదను యజమాని గాక, వర్తక సంఘమో చేతిపనుల సంఘమో పరీక్షచేసి యోగ్యతాపత్రము నిచ్చును. అందుచే ఆ పత్రము ఒక్క యజమానివద్దనే గాక దేశమంతటను చెల్లును. గ్లాస్ కర్మాగారము మునిగినప్పుడు దాని పనివారి విద్య మునుగకపోవుటకు ఇదియు నొక కారణము. చేతిపని చేయువాడు చదువు రానివాడను చులకనభావము అచ్చట తక్కువ. ఈ విషయమున మనము నేర్చుకొనవలసినది కలదు.

పన్ను – పట్టణము

కర్మాగారము వలన పట్టణమునకు వచ్చు లాభమేమి? జర్మనీలో వ్యాపార లాభముపై విధింపబడు ఒక పన్ను స్థానిక పట్టణమునకే చెందును. లెక్క ఇట్లుండును: లాభములో నూటికి మూడున్నర వంతు మూలసంఖ్య. దానిని ప్రతి పట్టణమును తాను నిర్ణయించిన గుణకముచే హెచ్చించును. గుణకము మూడున్నర యైనచో, నూరు రూపాయల లాభముపై పన్ను 12 రూపాయల 25 పైసలు. అందు కొంత భాగము పైప్రభుత్వములకు పోవును. జిల్లాకును పట్టణము వాటా చెల్లింపవలెను. మిగిలినది పట్టణమునదే. ఇట్టి రాబడితోనే శిశువిహారములు, రోడ్లు, గ్రంథాలయములు, క్రీడాస్థలములు ఏర్పడును.

దీని వెనుకనే ప్రమాదమును దాగియున్నది. లాభము లేని యేట పన్నును లేదు. 2008లో ధనవ్యాపారము కుప్పకూలినప్పుడు కార్ల అమ్మకము తగ్గెను. 2009 ఆరంభమున డింగోల్ఫింగ్‌లోను పనిగంటలు తగ్గించిరి. అట్టి సమయమున జర్మను చట్టము ప్రకారము పనివానిని తొలగింపక గంటలు మాత్రము తగ్గింతురు. పోయిన వేతనములో నూటికి 60 వంతులు, బిడ్డలు గలవారికి 67 వంతులు, నిరుద్యోగ భీమా నిధినుండి లభించును. 2020 వసంతమున మహమ్మారి కాలమునందు కర్మాగారము కొన్ని వారములు మూతపడినప్పుడును ఈ పద్ధతియే ఆదుకొనెను. రోగము తగ్గినంతనే పనివారు తిరిగి తమ చోట నిలిచిరి.

ఇప్పుడు మరియొక మార్పు వచ్చియున్నది. పెట్రోలు ఇంజను స్థానమున విద్యుచ్ఛక్తి మోటారు ప్రవేశించుచున్నది. 2021 నుండి డింగోల్ఫింగ్‌లో విద్యుత్తు కార్లు తయారగుచున్నవి; వాని మోటార్లును ఇచ్చటనే చేయబడుచున్నవి. విద్యుత్తు మోటారులో భాగములు తక్కువ. కావున ముందుముందు ఎన్ని చేతులకు పని యుండునో యను చింత లేకపోలేదు.

పెరుగుదల వెల

పెరుగుదల ఉచితముగా రాదు. యుద్ధమునకు పూర్వము కొలది వేల జనము గల యూరు, కర్మాగారము వచ్చుటచేతను, టైస్‌బాఖ్ వంటి పొరుగూళ్లు కలియుటచేతను ఇంతటి దయ్యెను. మంచి సాగునేల కర్మాగారపు గచ్చుక్రిందను రహదారులక్రిందను పోయినది. ఒకసారి గచ్చు వేసిన నేలలో మరల గింజ మొలవదు. పని మారు వేళలలో రహదారులు క్రిక్కిరియును. అన్నిటికంటె ముఖ్యముగా, ఊరంతయు ఒక్క స్తంభముపై నిలిచిన మండపమువలె నున్నది. ఆ స్తంభము దృఢమైనదే; కాని ఒక్కటే. 1966 నాటి కథను మరువనివారు ఆ యూర నింకను కలరు.

ఉపసంహారము

ప్రియ విద్యార్థులారా! ఈ కథనుండి మేము గ్రహించినది ఇది. డింగోల్ఫింగ్‌ను పెంచినది బి.ఎం.డబ్ల్యు. సంస్థ యనుట సగము నిజము. ఆ సంస్థ వచ్చుటకు అరువదియేండ్లకు ముందే, చలికాలపు తీరికలో ఒక మరమ్మతు పనివాడు రైతులకు కావలసిన వస్తువును చేయబూనినాడు. అతని యొద్ద నేర్చినవారు మరికొందరికి నేర్పిరి. యంత్రము మారెను, యజమాని మారెను, కొనువారు మారిరి. నేర్పు మాత్రము ఊరిలో నిలిచెను. దానినే వెదకికొని ధనము వచ్చెను. తరువాత బస్సు నడచుటచేత ఆ ధనము పల్లెలకును చేరెను.

మన ప్రాంతములందును చేతిపనివారు కలరు. రైతుల అవసరములు కలవు. పనిలేని నెలలును కలవు. జర్మనుల పద్ధతి ననుసరించి కర్మాగారములు కట్టుడని మేము చెప్పుట లేదు. దేశకాలములు వేరు. కాని “ఇక్కడ నుండి యేమి చేయును?” అని అడుగు తండ్రికి ప్రత్యుత్తరము బస్తీలో మాత్రమే కలదని తలపరాదు. మన చుట్టు నున్నవారికి కావలసినదేమి, దానిని మన చేతులు చక్కగా చేయగలవా యని మొదట విచారింపవలెను. ఆండ్రియాస్ గ్లాస్ చేసిన దంతియే. గింజ లెంతెంత దూరమున పడవలెనో చూచినాడు. ఊరు అంత పెరుగునని ఆయన ఎరుగడు.